అన్నం తిన్నాక చెప్పే మాట

మా ముత్తాత అనంతరావు శామీర్‌పేట నుంచి లాల్‌గడి మలక్‌పేట్ దాకా ఉన్న కొన్ని ఊళ్లకు శిస్తు వసూలు చేసే మాలీ పటేల్. ఆయన కొడుకు లక్ష్మణరావు, అంటే మా తాత, ఆ పటేల్గిరీని నిలబెట్టుకోవడమే కాక చుట్టుపక్కల జనం కోర్టు మెట్లు ఎక్కకుండా తగవులు తీర్చిన మనిషి. ఆయన వాకిట్లో నిలబడి మాట ఇచ్చినవాడు మళ్లీ తప్పేవాడు కాదు. మా నాయిన మురళీధరరావు ఆ పేరును మోశాడు. మోశాడు అనే అంటాను. నిలబెట్టాడని అంటే ఆయనే ఒప్పుకోడు. ఆయన తర్వాత ఉన్నది నేనొక్కదాన్నే. గుండ్లపోచంపల్లిలో ఒక అపార్టుమెంటు మూడో అంతస్తులో ఉంటాను. మీదే ఊరని ఎవరైనా అడిగితే ఊరి పేరు చెప్తాను, అక్కడ మేమెవరమో చెప్పను. తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. తెలియనివాళ్లు విని చేసేదేమీ లేదు.

పోయిన నెల మచ్చ బొల్లారం నుంచి ఫోను వచ్చింది. చేసింది మేరమ్మ. మా మేనత్త సుగుణమ్మ ఎన్నో ఏళ్లుగా అద్దెకున్న ఇంటి యజమానురాలు. "టీచరమ్మ పోయిందమ్మా. పొద్దుగాల చాయ్ వట్టుకొని వోయిన, పిలిస్తె పల్కలే," అంది. తర్వాత ఏడ్చింది. నేను ఏడవలేదు. మా ఇంట్లో ఏడుపు ఫోన్లో ఏడ్చే అలవాటు లేదు. ఫోను పెట్టేశాక నా నోటికి వచ్చింది దేవుడి పేరు కాదు, ఒక ఇంగ్లీషు మాట. డిసప్రొబేషన్. ఎవరైనా వింటే ముసలిదానికి మతి పోయిందనుకునేవాళ్లు. కానీ సుగుణత్త బతుకులో సగానికి పైగా ఆ మాట కిందే గడిచింది. ఆమెతో పాటు మా నాయినది కూడా.

ఆ మాట మా ఇంటికి ఎలా వచ్చిందో మా అవ్వ, అంటే తాత భార్య, ఎన్నోసార్లు చెప్పింది. తాత వయసులో ఉన్నప్పుడు బొల్లారం దండులో తెల్ల అధికారుల గుర్రాలకు మా పొలాల నుంచే గడ్డి బండ్లు వెళ్లేవి. ఒకసారి వానకు తడిసిన గడ్డి వెళ్లింది. అక్కడ చాలామంది దొరలకు నోటి వెంట బూతు తప్ప రాదు. తాతకు అది అలవాటే. వాళ్ల తిట్లు వీపు మీద దుమ్ములాంటివి, దులుపుకుంటే పోతాయి అనేవాడట. ఆ రోజు వచ్చిన అధికారి మాత్రం తిట్టలేదు. తడి గడ్డి చేతిలోకి తీసుకుని చూసి, తాతను కుర్చీలో కూర్చోమని, ఎదురుగా తానూ కూర్చుని, నెమ్మదిగా ఈ ఒక్క మాట ఉన్న వాక్యం చెప్పి లేచి వెళ్లిపోయాడు. తాతకు అర్థం కాలేదు, కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారి మళ్లీ బొల్లారం వెళ్లి చర్చి బడిలో పాఠాలు చెప్పే పంతులుగారిని పట్టుకుని అర్థం అడిగాడు. కోపమా అని అడిగితే కాదన్నాడట పంతులు. తిట్టా అంటే అదీ కాదన్నాడు. "నిన్ను ఇంతకాలం మెచ్చుకున్న మనిషి, బాగా ఆలోచించుకొని, ఈ పని నేను మెచ్చను అని నీ మొహం మీదే చెప్పుడు," అని విడమరిచి చెప్పాడు.

మెచ్చినవాడే ఇలా మెచ్చనని చెప్పగలడు. దారిన పోయేవాడి మీద ఈ మాట చెల్లదు. తాతకు నచ్చింది అదేననుకుంటాను. మన మాటల్లో దీనికి సరైన జోడు ఈనాటికీ నాకు దొరకలేదు. నారాజ్ అంటే మనసు చిన్నబుచ్చుకోవడం, అది చిన్నపిల్లలకూ ఉంటుంది. నిరసన అంటే ఇప్పుడు జెండాలు, మైకులు. అభ్యంతరం పని జరగకముందు చెప్పేది. మందలింపు పెద్దవాళ్లు చిన్నవాళ్లకు చేసేది. వెలి అంటే అన్నం నీళ్లు ఆపడం, అంతకంటే నీచమైనది లేదని తాత అనేవాడు. ఈ మాట వీటన్నిటి మధ్యలో ఎక్కడో ఒంటరిగా కూర్చుంది. అందుకే తాత దాన్ని మార్చకుండా ఇంగ్లీషులోనే ఉంచి, చుట్టూ మా ఇంటి పద్ధతులు కట్టాడు.

మొదటి పద్ధతి, ఆకలి మీద ఆ మాట అనకూడదు. అన్నం తిని, చేయి కడుక్కుని, తమలపాకు నమిలిన తర్వాతే. ఆకలి మీద వచ్చేది కోపం, కడుపు నిండాక కూడా మిగిలితే అప్పుడది అభిప్రాయం అనేవాడు. మా ఇంట్లో మధ్యాహ్నపు భోజనం పెద్ద పని. కట్టెల పొయ్యి మీద జొన్నరొట్టెలు కాలే వాసన, వెల్లుల్లి కారం నూరే చప్పుడు, ముంతలోంచి చల్ల వంపుతుంటే వచ్చే పులుపు. తాత భోజనం చివర చల్లన్నం కలుపుకోవడం ఎప్పటికంటే నెమ్మదైందంటే, ఆ రోజు ఎవరికో మాట పడబోతున్నదని వంటింట్లో ఆడవాళ్లు చూపులు కలుపుకునేవారు. ఆ మాట పడ్డవాళ్లు ముందుగా నోరు తెరవకూడదు, చెప్పినవాడే వాళ్లను మళ్లీ పలకరించాలి. అందాకా అన్నం మాత్రం ఆపకూడదు. పైగా పంక్తిలో అందరికంటే ముందు వాళ్లకే వడ్డించాలి. మాట ఎత్తేసే రోజున చెప్పినవాడు వాళ్లను పేరు పెట్టి పిలిచి మంచినీళ్లు తెమ్మంటాడు. వాళ్ల చేతి నీళ్లు తాగితే అయిపోయినట్లు. ఎందుకు పడిందో, ఎందుకు పోయిందో తర్వాత ఎవరూ ఎత్తకూడదు.

సాయిలు అని మాకో జీతగాడు ఉండేవాడు. ఎద్దును ముల్లుకర్రతో రక్తం వచ్చేలా పొడిచాడని తాత అతనికి ఆ మాట చెప్పడం నా కళ్లతో చూశాను. ఇంగ్లీషు ముక్క సాయిలుకు ఏం తెలుస్తుంది. అయినా మొహం మాడిపోయింది. మర్నాడు పంక్తిలో అవ్వ అతనికే ముందు వడ్డిస్తుంటే విస్తరి ముందు తల దించుకుని కూర్చున్నాడు.

"అమ్మా, దొరకు జెప్పుండ్రి. నాలుగు తన్నుమనుండ్రి," అన్నాడు అవ్వతో, మెల్లగా. "తన్నులైతె తినొచ్చు. గీ ముందుగల్ల బువ్వ తినుడు నాతోని గాదు."

"నాతో మాట్లాడొచ్చు గాని, ఆయనతోని గాదు గద. జల్ది తిను," అంది అవ్వ. "పప్పు సల్లారిపోతాంది."

నాలుగు రోజుల తర్వాత తాత "సాయిలూ, మంచినీళ్లు తే" అని పిలిస్తే సాయిలు బావి దగ్గరికి పరుగెత్తి కొత్తగా చేదుకుని తెచ్చాడు. ఆ తర్వాత అతని చేతిలో ముల్లుకర్ర నేను చూడలేదు. తాత ఆ మాటను ఏడాదికి ఒకటి రెండుసార్లకు మించి వాడేవాడు కాదు. పదునైన కత్తిని రోజూ కూరగాయలకు వాడరు కదా.

తాత పోయాక నాయిన చేతికి పటేల్గిరీ పేరుకు వచ్చింది, తీర్పులు అడిగేవాళ్లు తగ్గారు. ప్రభుత్వాలు మారాయి, ఆఫీసులు మేడ్చల్‌కు చేరాయి. మా వాకిట్లోకి వచ్చేవాళ్లు ఇప్పుడు భూమి అడగడానికి వచ్చేవాళ్లు. సుగుణత్తకు చిన్న వయసులోనే భర్త పోతే పుట్టింటికి తిరిగొచ్చింది. బొల్లారం చర్చి బడిలో చదువుకున్నది. నాయిన కంటే ఆమెకే ఇంగ్లీషు బాగా వచ్చు. పొద్దున్నే తలారా స్నానం చేసి, తెల్ల చీర బిగించి కట్టుకుని, వెన్ను నిటారుగా పెట్టి పేపరు చదివేది. నేను వంగి కూర్చుంటే వీపు మీద వేలితో ఒక్కసారి తట్టేది, ఏమీ అనేది కాదు. ఈనాటికీ నేను కుర్చీకి ఆనుకుని కూర్చోను.

నాకు పన్నెండు, పదమూడేళ్ల వయసులో నాయిన మామిడితోట అమ్మడానికి మాట ఇచ్చాడు. శామీర్‌పేట రోడ్డు వైపు ఉన్న తోట, తాత నాటించింది. కొన్నవాళ్లు చెట్లు కొట్టేసి కోళ్ల ఫారాలు పెడతారని ఊరంతా తెలుసు. నాయిన ఇంట్లో ఎవరినీ అడగలేదు. ఆ మధ్యాహ్నం అన్నాలయ్యాయి, జీతగాళ్లు ఇంకా అక్కడే ఉన్నారు. సుగుణత్త చేయి కడుక్కుని వచ్చి నాయిన ఎదురుగా నిలబడింది.

"అన్నా, తిన్నవా?"

"తిన్న గద. చూస్తలేవా?"

"నేను గూడ తిన్న. కడుపు నిండనే ఉన్నది. కోపం లేదు," అంది అత్త. తర్వాత ఇంగ్లీషులో ఒక్క వాక్యం చెప్పింది. తోట అమ్మడం పట్ల ఆమె డిసప్రొబేషన్. ఆమె గొంతు పెరగలేదు, తగ్గలేదు.

ఇంట్లో పెద్దవాడే ఆ మాట అనాలని ఎవరూ ఎక్కడా చెప్పలేదు, కానీ అప్పటిదాకా వేరెవరూ అనలేదు. పెద్దవాడి మీద అసలే అనలేదు. నాయిన లేచి మళ్లీ చేయి కడుక్కున్నాడు. తుడుచుకోవడానికి చాలాసేపు పట్టింది. తిరిగొచ్చి, ఇంటి పెద్ద మాటను జీతగాళ్ల ముందు కాదన్నందుకు తన డిసప్రొబేషన్ ఆమెకు చెప్పాడు. మాట పడ్డవాడు తిరిగి అదే మాట అనకూడదని తాత ఎప్పుడూ చెప్పలేదు. ఆయన గొంతు కూడా మామూలుగానే ఉంది. అవ్వ చల్లముంత పట్టుకుని ఇద్దరి మధ్య నిలబడింది.

"గట్లెట్లరా? ఇద్దరికిద్దరు జెప్పుకుంటె ముందుగాల మాట్లాడేదెవరు?"

ఎవరూ ముందు మాట్లాడటానికి వీల్లేదు, అప్పటికే ఇద్దరి మీదా మాట పడింది. పడ్డవాళ్లు ముందు నోరు తెరవకూడదు. తాత కట్టిన పద్ధతిలో ఇలాంటి రోజు ఒకటి వస్తుందని తాతకు తోచలేదు. వేరే ఇళ్లలో అయితే సాయంత్రానికి ఎవరో ఒకరు ఏడ్చి, ఇంకొకరు అరిచి, రాత్రికి సర్దుకునేవాళ్లు. మా ఇంట్లో అందరూ పద్ధతి గల మనుషులు.

కొన్ని నెలలు అలాగే గడిచాయి. పంక్తిలో ఇద్దరికీ ముందు వడ్డించాలి. అవ్వ రెండు చేతుల్లో రెండు గరిటెలు పట్టుకుని ఒకేసారి ఇద్దరి విస్తళ్లలో అన్నం వేసేది. "ఈ సంబరం సూసెతందుకె బతికిన్నా నేను," అని గొణిగేది. మొదట్లో నాకూ జీతగాళ్ల పిల్లలకూ నవ్వొచ్చేది. తర్వాత రాలేదు. తోట రిజిస్ట్రేషన్ అయిపోయింది. గొడ్డళ్ల చప్పుడు వినిపించిన రోజు అత్త మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. ఆ వేసవి చివర మచ్చ బొల్లారంలో ఒక బడిలో పంతులమ్మ ఉద్యోగం దొరికిందని, మేరమ్మ వాళ్లింట్లో ఒక గది తీసుకున్నానని అవ్వతో చెప్పి రిక్షా ఎక్కింది. నాయిన అరుగు మీదే ఉన్నాడు. బండి మలుపు తిరిగేదాకా చూశాడు. మాట్లాడలేదు. అత్త వెనక్కి తిరిగి చూసింది. ఆమె కూడా మాట్లాడలేదు.

మామిడితోట తర్వాత వరి పొలాలు పోయాయి. ఆ తర్వాత మేడ్చల్ వైపు మెట్ట చెల్కలు. అత్త చెప్పింది నిజమైంది అని ఊళ్లో కొందరు అన్నారు, కానీ అత్త ఎప్పుడూ అనలేదు. చివరికి ఇల్లు కూడా పోయి, నాయిన నాతో పాటు ఈ ఫ్లాటులోకి వచ్చాడు. కట్టెల పొగ అలవాటైన మనిషికి గ్యాసు పొయ్యి అన్నంలో వాసన ఉండదని బాధ. ఇక్కడ కూడా ఆయన తన పద్ధతి వదల్లేదు. కింద ఒక కుర్రాడు రోజూ కారు గేటుకు అడ్డంగా పెట్టేవాడు. ఒక రోజు నాయిన అన్నం తిని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, లిఫ్టులో దిగి, అతని ముందు నిలబడి ఆ మాట చెప్పాడు. పక్కనే ఉన్నాను కాబట్టి విన్నాను.

"ఫైనేమన్న ఉందా అంకుల్?" అన్నాడు కుర్రాడు, ఫోను చూస్తూనే. "ఉంటె చెప్పుండ్రి, కట్టేస్త. లేకుంటె లైట్ తీస్కోండ్రి."

వాడి మాటలో వెటకారం లేదు. నిజంగానే అడిగాడు. అదే నాకు ఎక్కువ బాధ. జరిమానా లేని తప్పు ఒకటి ఉంటుందని వాడికి ఎవరూ చెప్పలేదు. నాయిన పైకి వచ్చి చాలాసేపు కిటికీ దగ్గర కూర్చున్నాడు. "వాని మీద అది చెల్లదే," అన్నాడు చివరికి. "వాన్ని నేనెన్నడు మెచ్చలే గద." మెచ్చి, మెచ్చనని చెప్పగలిగిన మనిషి ఆయనకు ఒక్కతే మిగిలింది. ఆమె మచ్చ బొల్లారంలో ఉంది.

నాయిన మంచాన పడ్డాడని నేను కబురు పంపితే అత్త వచ్చింది. అప్పటికి బడి నుంచి రిటైరైంది. అదే తెల్ల చీర, అదే నిటారు వెన్ను. మంచం పక్కన కుర్చీలో కూర్చుంది. వాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాయిన కళ్లలో నీళ్లు తిరిగాయి, అత్త కుర్చీని మంచానికి దగ్గరగా జరుపుకుంది. నేను గది గుమ్మంలో నిలబడి, ఎవరో ఒకరు ఒక్క అక్షరం పలికితే చాలునని దేవుణ్ని వేడుకున్నాను. కాసేపటికి నాయిన పెదాలు కదిలాయి. "నీళ్లు," అన్నాడు.

అత్త చేయి గ్లాసు వైపు సగం వెళ్లింది. సగంలో ఆగింది. నా వైపు చూసింది. నాయిన కళ్లు మూసుకుని ఉన్నాడు. నేను వెళ్లి నీళ్లు తాగించాను. అత్త ఇంకో గంట కూర్చుని, లేచి, ఆయన పాదాల మీద దుప్పటి సర్ది వెళ్లింది. మెట్ల దగ్గర అడిగాను, ఎందుకియ్యలేదత్తా అని.

"నా పేరు వెట్టి పిల్వలే బిడ్డా," అంది. "దప్పికైతాంటె అడిగిండో, నన్ను పిల్సిండో ఎట్ల తెలుస్తది? ఆయన పిల్వకున్న నేను ముందువడితె, ఆయన మాటకు విలువేముంటది?"

వారం తిరక్కుండా నాయిన పోయాడు. ఆయన ఏమనుకుని అడిగాడో నాకూ తెలియదు.

దినాలయ్యాక నేను మచ్చ బొల్లారం వెళ్లాను. ఇంటికి పెద్దదాన్ని నేనే కాబట్టి నాయిన చెప్పిన మాట నేను ఎత్తేయాలని. ఇంకో పని కూడా ఉంది. ఇన్ని అమ్మకాల్లోనూ నాయిన లాల్‌గడి మలక్‌పేట్ దగ్గరి ఇరవై గుంటలు, అర ఎకరం, ముట్టుకోలేదు. అది సుగుణ పసుపు కుంకుమల కింద అని అడిగిన ప్రతి బ్రోకరుకూ చెప్పి పంపించేవాడు. భర్త పోయిన చెల్లెలికి పసుపు కుంకుమలేమిటని ఒకడు నవ్వితే వాణ్ని మళ్లీ గడప ఎక్కనివ్వలేదు. ఆ భూమి ఆమె పేరున చేయిస్తానని చెప్పడానికి వెళ్లాను.

మేరమ్మ చాయ్ తెచ్చింది. గదిలో ఒక మంచం, ఒక కుర్చీ, కిటికీ మీద తులసి. ఎండిన నారింజ తొక్కల వాసన. నేను అన్నం తినే వచ్చాను. అత్తను కూడా తిన్నావా అని అడిగి, తర్వాత చెప్పాను. నాయిన తరఫున ఆ మాట ఇవాళ్టితో పోయిందని. మంచినీళ్లు తెమ్మని పేరు పెట్టి పిలవబోయాను. అత్త చేయి అడ్డం పెట్టింది.

"వద్దు. నీకా హక్కు లేదు బిడ్డా. ఆయన వెట్టిండు, ఆయనే తియ్యాలె."

"సచ్చిపోయినాయనతోని గూడ పంతమేంది టీచరమ్మా?" అంది మేరమ్మ. "మా చర్చిల ఫాదరు ఆదివారం ఆదివారం అందరి పాపాలు తీసేస్తడు. మీ ఇంట్ల ఒక్క మాట తీయనీకె గింత పరేషానా?"

"పంతం గాదు మేరీ. మా అన్న మాట తేలికది గాదు, ఎవరు వడితె వాళ్లు తీసెటందుకు," అంది అత్త. తర్వాత నా వైపు తిరిగింది. "నేను జెప్పింది నేను ఎప్పుడో తీసిన. తోట వోయిన ఏడాదే తీసిన, మనసుల. కని చెప్పనీకె లేకుండె. ముందుగాల నేను మాట్లాడొద్దు గద."

భూమి సంగతి చెప్పాను. ఆమె తల అడ్డంగా ఊపింది. మాట కింద ఉన్నదాన్ని, ఇంటి నుంచి ఏమీ తీసుకోను అంది. కోపం లేదు. నన్ను బస్సు దాకా సాగనంపింది. దారిలో పల్లేరు పువ్వులు కనబడితే తాతకు గడ్డిలో ఆ ముళ్లంటే ఎంత చిరాకో చెప్పి నవ్వింది.

ఆ తర్వాత చాలా ఏళ్లు బతికింది. నెలకోసారి వెళ్లేదాన్ని. మేరమ్మ పిల్లలకు ఇంగ్లీషు చెప్పింది, వాళ్ల పిల్లలకూ చెప్పింది. ఆ వీధిలో అందరూ నమస్కారం పెట్టేవాళ్లు. ఆమెను ఎవరూ ఏ పనికీ తప్పుపట్టలేదు. ఒక్క మా నాయిన తప్ప. ఆ ఒక్కదాన్నే ఆమె చివరిదాకా మోసుకుంది. ఇప్పుడు ఆలోచిస్తే అనిపిస్తుంది, పటేల్గిరీ, తోట, ఇల్లు అన్నీ పోయాక కూడా మా ఇంటి మాట ఒక మనిషి గుండె మీద బరువుగా నిలిచిందంటే అది ఆమె మీదే. మా హోదా చివరికి మిగిలింది మేము బాధపెట్టిన మనిషి దగ్గర. నేను ఇవాళ అన్నం తిని, చేయి కడుక్కుని, ఎవరికైనా ఆ మాట చెప్పినా వినడానికి ఎవరూ లేరు. తల దించుకునేవాళ్లు లేరు, ఎదురుగా నిలబడి తిరిగి చెప్పేవాళ్లూ లేరు. లోకం ఇప్పుడు తిట్టుకుంటుంది, ఫోన్లలో అరుచుకుంటుంది, రాత్రికి మర్చిపోతుంది. అది మంచిదేనేమో. మా ఇద్దరు మనుషులకు ఆ విద్య రాలేదు.

మేరమ్మ వాళ్లు అత్తను వాళ్ల మనిషిలాగే చూసుకుని, మా పద్ధతిలోనే దహనం చేయించారు. నేను తల కొరివి పెట్టాను. ఆడదానివి నువ్వెట్ల పెడతవని ఒకాయన అడిగితే, ఇంకెవరున్నారో చూపించమన్నాను.

లాల్‌గడి మలక్‌పేట్ దగ్గరి ఆ ఇరవై గుంటలు ఈ నెల అమ్మేశాను. కొన్నది ప్లాట్లు చేసి అమ్మే ఒక వెంచరువాళ్లు. శామీర్‌పేట చుట్టుపక్కల మా ఇంటి పేరు మీద ఇక భూమి లేదు.